ఒంటిమిట్ట స్తంభాల మీద లేని అంచు

ఇరవై ఆరేళ్లు ఒక చేనేత సంఘంలో డిజైనరుగా పనిచేశాను. చీరల అంచులకు, కొంగులకు బొమ్మలు గీయడం నా పని. ఎన్ని గీసినా నాకు పేరు తెచ్చింది మాత్రం ఒక్క అంచే. దాన్ని 'కోదండ అంచు' అంటారు. ఒంటిమిట్ట గుడి స్తంభాల మీది చెక్కడం చూసి గీశానని అందరికీ చెప్పేవాణ్ని. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

అది అబద్ధం. ఆ అంచు మా సంఘం ఉన్న ఊళ్లో మగ్గాలకు దారం కండెలు చుట్టే ఓబులమ్మది. పాత పేపరు మడిచి, దారం కత్తిరించే కత్తెరతో ఆమె కోసుకున్న బొమ్మను నేను గడుల కాగితం మీదికి ఎక్కించాను. తప్పు అంతటితో ఆగినా ఇది రాసేవాణ్ని కాదేమో. కొన్నేళ్ల తర్వాత, నలుగురు కూర్చున్న చోట, ఆమే నా డిజైను చూసి కోసిందని అన్నారు. నేను అక్కడే ఉన్నాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

కళ్లు సహకరించక గడువుకు రెండేళ్ల ముందే ఉద్యోగం మానుకున్నాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. బట్ట మీద వేసేవాళ్లు, కాగితంతో చేసేవాళ్లు, అందరి ప్రశ్నా ఒకటే. "ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి సార్?" ఇన్నాళ్లూ వాళ్లకు నేను చెప్పిన జవాబు తప్పు. సరైన జవాబు ఇది.

ఆ పువ్వు యాడ కాస్తాది?

మాది నందికొట్కూరు. మా నాయనకు బట్టల అంగడి ఉండేది. అంగట్లో పుట్టినవాడికి బట్ట గురించి అంతా తెలుసన్న గర్వం ఉంటుంది. ఆ గర్వంతోనే కడప జిల్లాలోని ఈ నేత ఊరికి వచ్చాను.

సంఘం సెక్రటరీ సుబ్బరాయుడు నా మొదటి బాసు. కోపిష్ఠి, కానీ పని తెలిసిన మనిషి. మొదటి రోజే నా ముందు గడుల కాగితం పరిచి, "బొమ్మలు బాగా గీస్తావంట. గోడ మీద గీసుకో. ఈడ మాత్రం లెక్క. నిలువు వరస ఒక పడుగు పోగు, అడ్డం వరస ఒక పేక పోగు. ఒక గడి తప్పితే చీర పొడుగునా తప్పే" అన్నాడు. నిలువుగా సాగే దారం పడుగు, అడ్డంగా పడేది పేక. కాగితం మీది ఒక్కో వరసకు ఒక్కో అట్ట చొప్పున చిల్లులు కొట్టి మగ్గం మీద కడతారు. ఆ చిల్లులను బట్టే బొమ్మ లేస్తుంది.

నా మొదటి చీరకు ఒక విదేశీ పుస్తకంలోని పువ్వు తీసుకున్నాను. ఎంతో నాజూకైన పువ్వు. లెక్క కూడా సరిపోయింది. వేంపల్లెలో ఒక అంగడికి పంపాం. అమ్మకం ఎలా ఉందో చూద్దామని నేనూ వెళ్లి గల్లా పక్కన కూర్చున్నాను. ఒక పెద్దామె చీర విప్పి, తిప్పి, వెనకవైపు తడిమి, చివరికి అంగడాయన్ని అడిగింది.

"ఈ పువ్వు యాడ కాస్తాది?"

ఆయన నా వైపు చూశాడు. నేను, "మన దిక్కు కాదులేమ్మా, చలి దేశాల్లో" అన్నాను.

"అట్లనా. అయితే ఆడ అమ్ముకోండప్పా. మా చేన్లో ల్యా, మా దేవుని తలమీద ల్యా. దాన్ని కట్టుకొని నేనెవురికి ఏమని చెప్పల్ల?" అని మడిచి పెట్టేసింది.

అంగడాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ ఇన్నేళ్లలో నా పని మీద అంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు. మనకు నచ్చడం ఒకటి, కట్టుకునేవాళ్లకు దానితో పరిచయం ఉండటం ఒకటి.

మూడు రోజులు, ఒక పంది

వేంపల్లె దెబ్బ తర్వాత, మన చోట ఉన్నదే తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. సుబ్బరాయుణ్ని అడిగి మూడు రోజులు ఒంటిమిట్టలో ఉన్నాను. ఎండ దిగేవరకూ మండపంలో కూర్చుని స్తంభాలు గీశాను. భక్తులు వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసి, "శానా బాగుండాది" అనేవాళ్లు. నోటుపుస్తకం నిండింది.

తిరిగి వచ్చి వాటిలో ఒక యాళిని కొంగు మీదికి ఎక్కించాను. నమూనా నేసింది చౌడప్ప మామ. మా సంఘంలో అందరికంటే పాత నేతగాడు. మగ్గం గుంటలోంచి లేవకుండానే నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, ఈ పంది ఏంది?"

"పంది కాదు మామా, యాళి. సింహం మొహం, ఏనుగు తొండం..."

"నాకు చెప్తే నేను నమ్ముతా. చీర కొనేటోళ్లకు ఎవురు చెప్తారు? ఒక్కొక్క చీరతో నువ్వూ పోతావా?"

పక్క మగ్గాలన్నీ ఆగిపోయి నవ్వాయి. రాయిలో బొమ్మ నీడ వల్ల కనిపిస్తుంది. లోతు ఉంటుంది, ఎండ పడుతుంది, పొద్దును బట్టి మారుతుంది. దారానికి ఆ లోతు లేదు. నేను రాతిని చూశాను గానీ దారాన్ని తలచుకోలేదు. చేతిలో ఉన్న వస్తువు ఏం మోయగలదో తెలియకుండా ఎంత గొప్ప చోటికి వెళ్లి కూర్చున్నా పంది తప్పదు.

సుబ్బరాయుడు మాత్రం నవ్వలేదు. "మూడు దినాలు పంపిస్తే ఇదా?" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నన్ను పొడిచింది. తర్వాత జరిగినదానికి మొదలు అదే.

అరల అంచున వేలాడిన కాగితం

వారానికోసారి ఇంటింటికీ తిరిగి మగ్గాలు చూడటం నా పనిలో భాగం. ఉగాది ముందు, ఇళ్లకు సున్నాలు కొడుతున్న రోజుల్లో, ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త మగ్గం మీద ఉన్నాడు. ఆమె రాట్నం పక్కన పెట్టి, స్టీలు సామాను పెట్టే చెక్క అరలకు కాగితం అంచులు అతికిస్తోంది. పాత పేపర్లను కుచ్చుల్లా కోసి అరలకు వేలాడదీయడం ఆ ఊళ్లో అందరూ చేసేదే. త్రికోణాలు, రంధ్రాలు, మహా అయితే ఒక పువ్వు. ఆమెవి అలా లేవు. ఒక ఆకు నాలుగు రెక్కలూ విచ్చుకుని ఉంది. దాని పక్కది ముడుచుకుని ఉంది. మళ్లీ విచ్చుకున్నది, మళ్లీ ముడుచుకున్నది. అర పొడుగునా అలాగే. గాలికి కదులుతుంటే ఆకులు నిజంగానే తెరుచుకుని మూసుకుంటున్నట్టు అనిపించింది.

"ఓబులక్కా, ఇది ఏం ఆకు?"

"చెనిక్కాయ ఆకు సామీ. నందికొట్కూరోళ్లు చెనిక్కాయ ఆకు ఎరగరా?"

"మరి ఒకటి ముడుచుకోని ఉండాదే?"

"పగులంతా విచ్చుకోని ఉంటాది, పొద్దు గూకేటప్పటికి ముడుసుకుంటాది. కలుపుకు పోయినప్పుడు ఆకు ముడిస్తే మేము ఇంటికి బయల్దేర్తాము. ఆసామి గడియారం చూపిచ్చి ఇంకా టైముండాది అంటాడు. ఆకు అబద్ధం చెప్తాదా?"

వేరుశనగ చేల మధ్య పెరిగినవాణ్ని. ఆ ఆకు సాయంత్రం ముడుచుకుంటుందని అప్పటిదాకా గమనించలేదు.

ఎలా కోస్తావని అడిగాను. పేపరును విసనకర్రలా మడిచి చూపించింది. మడతకు ఒక పక్క విచ్చుకున్న ఆకులో సగం, ఇంకో పక్క ముడుచుకున్న ఆకులో సగం కోస్తుంది. విప్పితే రెండూ నిండుగా, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. డిజైను నాలుగేళ్లు చదువుకున్న నాకు ఆ ఆలోచన రాలేదు. పోయిన ఏటి పాత అంచు ఒకటి చెత్తలో పడేయబోతుంటే, "నాకు ఇస్తావా అక్కా?" అన్నాను.

"దీన్నేం చేసుకుంటావు? తీసుకో" అని దులిపి ఇచ్చింది.

నాలుగు రోజుల్లో అంచు గీసి, అట్టలు కొట్టించి, చౌడప్ప మామకు ఇచ్చాను. మూర పొడవు నేశాక నన్ను పిలిచాడు.

"ఆకు బాగుండాది. ఆకుకూ ఆకుకూ మధ్యన ఈ సన్న పుల్ల ఏంది?"

"అందం కోసం మామా."

"అందమా! నేతకు దీంతో పనిల్యా. కాగితం కోసేటోళ్లకు గావల్ల ఇది. ఇది లేకుంటే ఆకు తెగి కింద పడతాది." కాసేపు నా మొహం చూశాడు. "ఈ ఆకు కోసేది ఓబులమ్మ ఒక్కతే. ఆమెను అడిగినావా?"

"ఆ, చెప్పినా మామా" అన్నాను. చెప్పలేదు.

ఆ పుల్ల ఈ పనిలో అందరం చేసే తప్పే. ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి బొమ్మను తెచ్చేటప్పుడు దాని అవసరాలను కూడా అందమనుకుని మోసుకొస్తాం. గీసేటప్పుడు నేను దాన్ని తీసేయలేదు. ఎందుకు ఉందో తెలియక కాపీ కొట్టాను.

చీటీ మీద రాసిన కథ

చీరలు ఒక ప్రదర్శనకు వెళ్లాల్సిన రోజు, సుబ్బరాయుడు చీటీలు రాయిస్తూ, "ఇది శానా బాగా కుదిరిందప్పా. యాడ చూసినావు?" అన్నాడు.

ఆ మూడు రోజులు గుర్తొచ్చాయి. "ఒంటిమిట్టలోనే. స్తంభం మీద" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలే? పంపిచ్చినందుకు ఫలితం దక్కింది" అని పక్కవాళ్లకు చెప్పాడు. అక్కడి దేవుడి పేరు మీద కోదండ అంచు అని తనే పేరు పెట్టాడు. నా నోటి నుంచి అబద్ధం వచ్చింది, ఆయన దానికి నామకరణం చేశాడు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం ప్రతి సంవత్సరం ఇంకొంచెం కష్టమైంది. చీర బాగా అమ్ముడుపోయింది. ఓబులమ్మ భర్త కూడా అదే నేశాడు.

ఆమె అడగలేదా అంటారు. ఒకసారి అంది. "మా ఆకు మాదిరే ఉండాదే" అని నవ్వింది. నేనూ నవ్వి, నేత ఎలా వస్తోందని అడిగాను.

నల్లంచు పెండ్లి కవర్లు

మధ్యలో కాగితం పని గురించి ఒక మాట. మగ్గాల కింద రాలిన దారం ముక్కలతో చేత్తో కాగితం చేయిస్తూ, దానికి మిగిలిన బట్ట అంచులు అతికించి పెండ్లి పత్రికల కవర్లు తయారు చేయించాను. నల్లటి అంచు ఆ గోధుమ రంగు కాగితం మీద ఎంత బాగుందో! ప్రొద్దుటూరు వ్యాపారి ఒకాయన కవరు కొసను రెండు వేళ్లతో పట్టుకుని, "సారూ, ఇది పెండ్లికా, దినానికా?" అన్నాడు. అన్నీ వెనక్కి తెచ్చి, అంచులు పీకించి పసుపు, ఎరుపు అతికించాం. పీకేటప్పుడు సగం కాగితాలు చిరిగాయి. ఎవరి చేతుల్లోకి పోతుందో అడగకుండా కూర్చున్న చోటే ఊహించినందుకు అది నాకు దక్కిన కూలి.

ఈ తప్పును నేను అందరికీ నవ్వుతూ చెప్పేవాణ్ని. చెప్పుకోగలిగిన తప్పులు మనిషిని పెద్దగా బాధపెట్టవు.

రెండు మాటలు

కడపలో ఆడపిల్లలకు కాగితం పని నేర్పే శిక్షణ కేంద్రం పెడుతూ, నేర్పేవాళ్ల కోసం వెతికారు. ఎంపిక చేయడానికి ముగ్గురం కూర్చున్నాం. నగరం నుంచి వచ్చిన ఒక నిపుణురాలు, ఒక ఆఫీసరు, నేను. ఓబులమ్మ వచ్చింది. అప్పటికి ఆమె భర్త పోయి ఏడాది దాటింది. కండెల మీద ఇల్లు గడవడం లేదు. ఆ కొలువు వస్తే ఆమె నెల నెలా నిలదొక్కుకునేది. అంతకంటే ముఖ్యంగా, ఆమెను టీచరమ్మా అని పిలిచేవాళ్లు.

సంచిలోంచి కాగితం అంచులు తీసి బల్ల పొడుగునా పరిచింది. నిపుణురాలు వేరుశనగ ఆకు దగ్గర ఆగింది.

"ఇది కోదండ అంచు కదమ్మా. చీర చూసి కోశావా?"

"ల్యా మేడం. పెండ్లయి వచ్చినకాడ్నుంచి కోస్తాండా. చీర తర్వాత వచ్చె."

"అందరూ అలాగే అంటారు" అని ఆమె నా వైపు తిరిగింది. "మీదే కదా డిజైను?"

ఓబులమ్మ మొహంలోకి ధైర్యం వచ్చింది. "రమణప్ప సారు ఎరుగును మేడం. ఆయన్ని అడగండి" అంది. సాక్షి దొరికిన మనిషి చూసినట్టు చూసింది నన్ను.

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. "పోలిక ఉంది మేడం" అన్నాను.

రెండే మాటలు. నిపుణురాలు కాగితం మీద 'సొంత కల్పన లేదు' అని రాసింది. నాకు ఆ అక్షరాలు తలకిందులుగా కనిపించాయి, అయినా చదవగలిగాను. ఓబులమ్మ అంచులన్నీ ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకుంది. నా వైపు మళ్లీ చూడలేదు.

సంఘం పరువు కోసం అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సంఘం పరువుకు ఏమీ అయ్యేది కాదు. నా పరువు కోసమే అన్నాను.

తర్వాతి ఉగాదికి వాళ్ల ఇంటికి వెళ్తే అరలకు సంతలో కొన్న ప్లాస్టిక్ అంచులు ఉన్నాయి. నేను వాటినే చూస్తుంటే, "ఉతుక్కోవచ్చు కదప్పా" అంది. అంతే.

ఏ స్తంభం సార్?

నేను ఉద్యోగం మానిన తర్వాత, డిజైను చదివే ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఎండకు మొహాలు కందిపోయి ఉన్నాయి. ఒంటిమిట్ట నుంచి నేరుగా వచ్చామన్నారు.

"సార్, మీ కోదండ అంచు ఏ స్తంభం మీద ఉంది సార్? రెండు రోజుల నుంచి ఒక్కొక్క స్తంభాన్నీ నాలుగు పక్కలా ఫోటో తీశాం. దొరకలేదు. మాకు చూడటం రావడం లేదేమో అనిపిస్తోంది" అంది ఒకమ్మాయి. ఫోను నా చేతికిచ్చింది. వందల ఫోటోలు.

ఆ చివరి మాటకు నాలో ఏదో తెగింది. ఉన్నదాన్ని సరిగ్గా చూస్తున్న పిల్లలు నా అబద్ధం వల్ల తమ కళ్లనే అనుమానిస్తున్నారు.

"అది ఏ స్తంభం మీదా లేదమ్మా" అన్నాను. "మీకు చూడటం వచ్చు."

అది అన్నాక కుర్చీలో వెనక్కి వాలాను. అలా హాయిగా వాలి ఎన్నేళ్లయిందో. మిగతాదంతా వాళ్లకు చెప్పాను. వాళ్లు నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఆమె ఇప్పుడూ కోస్తుందా సార్?" అని మాత్రం అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను.

మర్నాడు ఉదయం ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. రాట్నం తిప్పుతోంది. నిలబడే అంతా చెప్పాను. కాగితం అడిగి తీసుకున్నది, స్తంభం కథ, కడపలో నేనన్నది, ఆ అమ్మాయిలు వచ్చి అడిగింది. రాట్నం ఆగలేదు. కండె నిండాక దారం తెంపి, అప్పుడు మాట్లాడింది.

"నీకొకటి చెప్తా ఇను. ఆ చీర మా ఆయనే నేసె. దినామూ నా కండ్ల ముందరే ఉండె. ఆ పొద్దు నువ్వట్ల అన్యాక, నేనే నీ చీర చూసి కోసినానేమో, మతి తప్పి ముందే కోసినా అనుకుంటాండానేమో అని శానా దినాలు అనుకున్యా. మళ్లా కత్తెర పట్టబుద్ధి కాల్యా. చదువుకున్నోడు అబద్ధం ఎందుకు చెప్తాడులే అనుకున్యా."

కొలువు పోయిందని బాధపడి ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను లాక్కున్నది ఆమెకు తన చేతి మీద ఉన్న నమ్మకాన్నని నాకు అప్పుడే తెలిసింది.

"తప్పయింది అక్కా" అన్నాను.

"ఈడ అంటే ఎవురికి ఇనపడతాది? రాట్నానికా?" అంది. "ఆ పొద్దు నలుగురిలో అంటివి. వచ్చే ఆదివారం సంఘం మహాజన సభ ఉండాది. ఆడ చెప్పు. నేనూ వస్తా. పోయినసారి మాదిరి నీళ్లు నమలద్దు."

బయటికి వస్తుంటే వెనక నుంచి, "ఆ పిల్లోళ్లు ఎవురో అన్నావే, వాళ్లను ఒకసారి రమ్మను. కత్తెరలు ఈడ ఉండాయిలే" అంది.

సభలో

సభకు ముందు కొత్తవాళ్లకు నేను చెప్పదలచిన ఒకే ఒక్క నియమం రాసేస్తాను. మీకు ఏదైనా బొమ్మ నచ్చితే, గీసే ముందు ఆ కాగితం వెనక ఎవరి చేతిలో చూశారో, వాళ్ల పేరేమిటో రాయండి. పొలంలో చూస్తే పొలం, అరల మీద చూస్తే ఆ ఇల్లు. ఐడియాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటికి కరువు లేదు. మొదటి రోజే రాస్తే ఒక్క నిమిషం పని. రాయకపోతే ఎంతకాలం పడుతుందో నేను చెప్పగలను.

ఆదివారం సంఘం వరండా నిండిపోయింది. సుబ్బరాయుడు లేడు, పోయి చాలాకాలమైంది. చౌడప్ప మామ ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఓబులమ్మ ఆడవాళ్ల మధ్య ఉంది, ఆమెకు అటూ ఇటూ ఆ ఇద్దరమ్మాయిలు. కొత్త సెక్రటరీ నన్ను మాట్లాడమన్నాడు. నన్ను సన్మానిస్తారని అనుకున్నట్టున్నారు, చప్పట్లు కొట్టారు.

కోదండ అంచు అసలు సంగతి చెప్పాను. ఎవరో "ఏమంటాండాడు?" అన్నారు. చౌడప్ప మామ తల తిప్పకుండా, "నిజం చెప్తాండాడు, ఇను" అన్నాడు. నేను ఓబులమ్మ వైపు తిరిగి, అనాల్సింది అన్నాను. నా మాట ముందు వరస దాటలేదు.

ఆమె లేచి నిలబడింది.

"గట్టిగా చెప్పప్పా. వెనకోళ్లకు ఇనపడల్యా."

ఈసారి వీధిలోకి వినిపించేలా చెప్పాను.

"ఓబులక్కా, ఆ అంచు నీది. నేను కల్పించలా, గుడిలో చూడలా, నీ ఇంట్లో చూసి గీసుకున్నా. కడపలో నీది కాదన్నట్టు మాట్లాడి, నీ చేతిపనిని నువ్వే అనుమానించేట్టు చేసినా. అది అబద్ధం. తప్పు నాది. నన్ను మన్నించు అక్కా."